ఈకే ఈగైతే..!

ఆదివారం పొద్దున్నే జగ్గయ్యపేటలోనో నందిగామలోనో నాటుకోళ్ల కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. వచ్చినవాళ్లంతా కండ గురించీ తూకం గురించీ మాట్లాడతారు. ఈకల ఊసెత్తేవాళ్లు ఒక్కరూ ఉండరు. అవి వేడినీళ్లలో మునిగి, ముద్దయి, కొట్టు వెనక డ్రమ్ములోకి పోతాయి. అలాంటిచోటికి ఓ కుర్రాడొచ్చి "బాబాయ్, ఆ ఎర్రపుంజుని నీళ్లలో ముంచకముందే మెడ ఈకలు పీకి నాకిస్తావా?" అన్నాడనుకోండి. కొట్టాయన కత్తి పక్కనపెట్టి మరీ చూస్తాడు.

"ఈకలేం చేసుకుంటావు అబ్బాయ్... పులుసు పెట్టుకుంటావా?"

"ఈగని చేస్తాను బాబాయ్. చేపలు పట్టడానికి."

వేళాకోళం కాదు. కోడిమెడ ఈక, కాస్త ఊలు, మూరెడు దారం, ఓ చిన్న గాలం. ఈ నాలుగూ కుదిరితే ఈగ తయారవుతుంది. దాన్ని చూసి చేప మోసపోవాలి. ఇంగ్లీషువాళ్లు దీన్ని ఫ్లై టైయింగ్ అంటారు. మన మాటల్లో ఈగ కట్టడం. దేశదేశాల్లో ఎందరికో ఆదివారాలన్నీ ఈ పనిలోనే గడిచిపోతాయి. చూడటానికి బల్లమీద చేసుకునే పనే. కానీ ఇది నేర్చుకోవడం మొదలుపెట్టినవాడి చూపు మెల్లగా బల్ల దాటి, ఏటి ఒడ్డుకు చేరుతుంది. అసలు విశేషం అక్కడుంది.

పద్దెనిమిది వందల ఏళ్ల కిటుకు

ట్రౌట్ చల్లటి కొండవాగుల్లో బతికే చేప. నీటిమీద వాలే పురుగులు, నీటి అడుగునుంచి పైకి లేచే పురుగులు దాని తిండిలో ముఖ్యమైనవి. మనవాళ్లు గాలానికి ఎర్రను గుచ్చినట్టు వాటిని గుచ్చుదామంటే కుదరదు. వేలు తగిలితేనే చితికిపోతాయి. అందుకని పురుగులా కనిపించేదాన్ని కట్టి నీటిమీద వదలడం మొదలైంది.

ఎప్పుడు మొదలైందంటే... క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత జంతువుల గురించి గ్రీకు భాషలో ఓ పెద్ద పుస్తకం రాశాడు. మాసిడోనియా జాలర్లు గాలానికి ఎర్ర ఊలు చుట్టి, పుంజు గదవ కింద మొలిచే మైనం రంగు ఈకలు రెండు తగిలించి, మచ్చల చేపల్ని పట్టేవారని అందులో చెప్పాడు. అంటే ఈ కిటుకు వయసు తక్కువలో తక్కువ 18 వందల ఏళ్లు! ఇంగ్లీషులో గాలం వేట మీద తొలి పుస్తకం 1496లో అచ్చయింది. కృష్ణదేవరాయలు గద్దెనెక్కడానికి 13 ఏళ్ల ముందన్నమాట. ఏయే నెలలో ఏ ఈగ కట్టాలో చెబుతూ 12 రకాలు అందులో ఇచ్చారు. ఆ తర్వాత ఈ విద్య ఎంతో పెరిగింది. పనిముట్లు మారాయి. పేర్లు వందలకొద్దీ పుట్టాయి. కోడి ఈక మాత్రం అలాగే ఉంది.

మునేట్లో ట్రౌట్ ఏదీ?

లేదు. ఉండదు కూడా. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. 20 డిగ్రీలు దాటితే దాని ప్రాణం అవస్థ పడుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే. మే నెలలో నందిగామ ఎండ చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పాల్సిన పనిలేదు.

మనదేశంలో ట్రౌట్ కావాలంటే కాశ్మీరుకో, హిమాచల్‌ప్రదేశ్‌కో వెళ్లాలి. దక్షిణాదిలోనైతే నీలగిరులు, మున్నారు కొండలు. అక్కడా అది స్థానికురాలు కాదు. తెల్లదొరలు తెచ్చి వదిలారు. మద్రాసు ప్రభుత్వంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1863లో నీలగిరుల్లో ట్రౌట్‌ని పెంచాలని ప్రయత్నించి విఫలమయ్యాడు. మన చేపల మీద ఇప్పటికీ ప్రామాణికంగా చెప్పుకునే 'ఫిషెస్ ఆఫ్ ఇండియా' గ్రంథం ఆయనదే. ట్రౌట్ నీలగిరుల్లో నిలదొక్కుకోవడానికి 20వ శతాబ్దం రావాల్సొచ్చింది.

మరి కృష్ణా మెట్టలో ఉన్నవాళ్లకు... అంటే 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లావాసులకు... ఈ ఈగల గోలెందుకు?

తొలకరి సాయంత్రం చెప్పే పాఠం

జవాబు ఉసిళ్ల దగ్గరుంది. తొలి వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. వీధిదీపం చుట్టూ ముసురుకుంటాయి. అమ్మలు లైట్లార్పి కూర్చుంటారు. తెల్లారేసరికి వాకిలినిండా రెక్కలే. అదే సాయంత్రం ఊరి చెరువుగట్టు మీద నిలబడి చూస్తే, నీటిమీద చినుకులు పడ్డట్టు చిన్నచిన్న వలయాలు. వాన వెలిసిపోయింది కదా, ఇవేమిటి? ఉసిళ్లు నీళ్లలో పడుతున్నాయి. కిందనుంచి చేపలు లేచి అందుకుంటున్నాయి.

ఇంగ్లండు వాగులో ట్రౌట్ చేసేదీ ఇదే. పురుగు వేరు, చేప వేరు. తంతు ఒక్కటే. పరిగెల్లాంటి చిన్నచేపలు నీటి పైపొరలో తిరుగుతూ పురుగుల్ని ఏరుకుంటాయి. కొరమేను సంగతి చెప్పనే అక్కర్లేదు. కప్ప గెంతినా, మిడత పడినా వదలదు. మద్రాసు రాజధానిలో కలెక్టరుగా చేసిన హెన్రీ సల్లివాన్ థామస్ మన చేపల్ని గాలంతో పట్టే పద్ధతుల మీద 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. అది చాలదన్నట్టు 1887లో మన చెరువుల కోసమే 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' అని ఇంకో పుస్తకం వేశాడు. ట్రౌట్ లేని చోట ఊరుకోకుండా, ఉన్న చేప ఏం తింటుందో చూశాడాయన. ఈగ కట్టడంలో మొదటి సూత్రం అదే.

పుంజు మెడలో రంగుల పెట్టె

ఈగకి ప్రాణం పోసేది ఈక. పుంజు మెడమీది ఈక సన్నగా, కోసుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. దాన్ని గాలం చుట్టూ తిప్పితే పోగులన్నీ నలువైపులా విచ్చుకుంటాయి. అవి బిరుసుగా ఉంటాయి కాబట్టి నీటిమీద కాళ్లు మోపినట్టు నిలబడతాయి. ఈగ తేలుతుంది. పెట్ట ఈక మెత్తన. నీళ్లు పీల్చుకుని మునుగుతుంది. నీటి అడుగున కదిలే పురుగులా కనిపించాలంటే అదే మేలు. తేలే ఈగకి పుంజు, మునిగే ఈగకి పెట్ట. ఈ లెక్క గుర్తుంటే సగం విద్య వచ్చినట్టే.

ఇక రంగులు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈకల రంగులకు బోలెడు పేర్లుంటాయి. వాటిని బట్టీపట్టడానికి కొత్తవాళ్లు తంటాలు పడతారు. కృష్ణాజిల్లా మనిషికి ఆ బాధ లేదు. నల్లటిది కాకి, తెల్లటిది సేతువ, ఎర్రటిది డేగ. మెడమీద నలుపు తెలుపు కలగలిస్తే పర్ల. ఎరుపులో బూడిద కలిస్తే మైల. ఒక్కో ఈకలో మూడు రంగులుంటే పూల. కుక్కుటశాస్త్రం పేరుతో తరతరాలుగా వస్తున్న ఈ పేర్లన్నీ పందేల బరిలో పుట్టినవి. పందేలు చట్టవిరుద్ధం. ఈగ కట్టేవాడికి వాటితో పనిలేదు కూడా. కూరకు కోసిన కోడి చాలు. బరిలో పుట్టిన మాట బల్లమీద బతికితే మంచిదే కదా.

ఈకల విలువ తెలియాలంటే 2011లో అమెరికాలో ఏం జరిగిందో చూడాలి. అమ్మాయిలు జడల్లో పొడుగాటి కోడి ఈకలు అల్లుకోవడం ఉన్నట్టుండి ఫ్యాషనైంది. ఈగలు కట్టేవాళ్ల కోసం ప్రత్యేకంగా పెంచిన పుంజుల ఈకలన్నీ బ్యూటీ పార్లర్లకు తరలిపోయాయి. ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. పాపం, చేపలు పట్టుకునేవాళ్లు లబోదిబోమన్నారు!

మన నాటుకోడి ఈక ఆ పెంపుడు పుంజుల ఈకంత పొడుగుండదు. అయినా 8, 10 నంబరు గాలాలకు సరిపోతుంది. గాలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని మర్చిపోకూడదు. ఈకల్ని వేడినీళ్లు తగలకముందే తీయాలి. సబ్బునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, మూతున్న డబ్బాలో కలరా ఉండతో దాచాలి. లేదంటే పేలూ పురుగులూ మనకంటే ముందే పని మొదలుపెడతాయి.

ఇక కడదామా...

అసలు పనిముట్లు వైస్, బాబిన్, ఈక పట్టే చిమటా, పదునైన కత్తెర. వైస్ అంటే గాలాన్ని కదలకుండా పట్టుకునేది. తొలిరోజుల్లో బల్ల అంచుకు బిగించే చిన్న వైస్ చాలు. కుట్టుమిషన్ దారం, కంసాలి దగ్గర దొరికే శ్రావణం, గోళ్లరంగు సీసా చేరిస్తే సరంజామా సిద్ధం.

తొలి ఈగగా ఏలియన్ చెప్పినదే కట్టొచ్చు. ఎర్ర ఊలు, డేగ ఈక.

గాలాన్ని వైస్‌లో బిగించాలి. గాలం కన్ను వెనక దారం మొదలుపెట్టి వంపు దాకా దగ్గరదగ్గరగా చుట్టుకుంటూ పోవాలి. అక్కడ ఎర్ర ఊలు పోగు కట్టి, దారాన్ని వెనక్కి కన్నువైపు తేవాలి. ఇప్పుడు ఊలుని చుట్టుకుంటూ ముందుకు రావాలి. అది పురుగు ఒళ్లు. పాత పట్టుచీర అంచులోంచి లాగిన జరీపోగు దానిమీద ఎడంగా నాలుగు చుట్లు తిప్పితే ఒంటిమీద గీతలొస్తాయి. తర్వాత ఈకని మొదలు దగ్గర కట్టి, కొస శ్రావణంతో పట్టుకుని రెండు మూడు చుట్లు తిప్పాలి. మిగిలిన కొస కత్తిరించి, దారంతో చిన్న తల చుట్టి, ముడేసి, గోళ్లరంగు ఒక చుక్క అద్దాలి. అంతే!

చదివినంత తేలిక కాదు. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. ఒంటిని చుట్టుకుంటూ చుట్టుకుంటూ కన్నుదాకా వచ్చేస్తారు. తల కట్టడానికి చోటుండదు. ముడి కన్నులోకి జారుతుంది. దారం దూరదు. ఒడ్డుకెళ్లాక గానీ ఆ సంగతి తెలీదు. ముందే కన్ను వెనక కాస్త జాగా వదులుకుంటే ఈ బాధుండదు. రెండో తప్పు ఆత్రం. ఈక ఎక్కువ చుడితే అందంగా ఉంటుందనుకుంటారు. అప్పుడది ఈగలా కాదు, సీసాలు కడిగే బ్రష్షులా ఉంటుంది. నిజమైన పురుగుకి ఆరు కాళ్లే కదా.

చేయి తిరిగాక ఉసిళ్ల మీదికి పోవచ్చు. గోధుమరంగు ఊలుతో సన్నటి ఒళ్లు, సేతువ ఈకల కొసలు రెండు వెనక్కి వాల్చి రెక్కలు, ముందు డేగ ఈక రెండు చుట్లు. తొలకరి సాయంత్రం అగ్గిపెట్టెలో పట్టుకొచ్చిన ఉసిలిని పక్కన పెట్టుకుని కడితే కొలత తప్పదు. ఈ ఈగ ఏ పుస్తకంలోనూ ఉండనక్కర్లేదు. పుస్తకాల్లో ఉన్నవన్నీ కూడా ఎవరో ఒకరు తమ వాగు దగ్గర పురుగుని చూసి కట్టుకున్నవే.

ఖరీదైన రీలు, కడ్డీ కొనాలేమోనన్న భయం వద్దు. జపాన్ కొండవాగుల్లో టెంకారా అనే పద్ధతి ఉంది. పొడవాటి కర్ర, దాని కొసకు దారం, దారం చివర ఈగ. రీలు లేదు. మన వెదురు గాలం కర్రకి అది అన్నదమ్ముల వరస. దారం కర్రంత పొడుగుంటే చాలు. బెండు, సీసం గుండు తీసేయాలి. ఈగకి బరువుండదు కాబట్టి రాయి విసిరినట్టు విసిరితే పోదు. మణికట్టుతో కర్రని వెనక్కి లాగి, ఒక్క క్షణం ఆగి, ముందుకు విదిలించాలి. దారం చాచుకున్నాక ఈగ చివర్లో మెత్తగా వాలుతుంది.

ముట్టకూడని ఈకలు

ఈ సరదాకి ఓ చీకటి కోణముంది. 2009 జూన్‌లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో 299 పక్షి చర్మాలు మాయమయ్యాయి. కొన్ని ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే మహా ప్రకృతి శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో అడవులు పట్టి తిరిగి సేకరించినవి. దొంగ ఎవరనుకున్నారు? ఫ్లూటు వాయించే 20 ఏళ్ల సంగీత విద్యార్థి. సాల్మన్ చేపల కోసం ఒకప్పుడు కట్టిన రంగురంగుల ఈగల మోజు అతణ్ని అక్కడిదాకా తీసుకెళ్లింది. దొరికినవాటిలో చాలా చర్మాలకు చీటీలు ఊడిపోయి ఉన్నాయి. ఏ పక్షిని ఎక్కడ, ఎప్పుడు సేకరించారో తెలియకపోతే శాస్త్రానికి వాటి విలువ పోయినట్టే.

మనకూ ఇందులో పాఠముంది. దక్షిణాది అడవికోడి మెడమీది చుక్కల ఈకల కోసం విదేశాల్లో ఈగలు కట్టేవాళ్లు ఒకప్పుడు ఎగబడేవారు. ఇప్పుడది చట్టం కాపాడే పక్షి. దసరానాడు చూసి దండం పెట్టుకునే పాలపిట్ట అయినా, ఏటిగట్టున కూర్చునే లకుముకిపిట్ట అయినా అంతే. నెమలిని చంపడం నేరం. కోడికొట్టు డ్రమ్ములోకి పోయే ఈకతో సాగే విద్యకి పిట్టల ప్రాణం తీయాల్సిన అవసరం ఏముంది?

చూడటం నేర్చినవాడు

ఈగ కట్టేవాడు ఏటి దగ్గరికెళ్తే ముందు గాలం వేయడు. రాయి తిరగేసి కింద ఏ పురుగులున్నాయో చూస్తాడు. పాలేరు నీళ్లు ఎక్కడ పలచగా పారుతున్నాయో, మునేట్లో మడుగెక్కడుందో, ఏ చెట్టు కొమ్మనుంచి చీమలు రాలుతున్నాయో కనిపెడతాడు. రెండేళ్లు అలా చూశాక, పురుగులు తగ్గినా ముందు అతనికే తెలుస్తుంది. ఇసుక తోడిన చోట రాళ్లూ గులకలూ పోతే వాటిని పట్టుకుని బతికే పురుగు పోతుంది. పురుగు పోతే పరిగె పోతుంది. పరిగె పోతే దాన్ని తినే పెద్దచేప పోతుంది. ఈ వరస ఏ తరగతిలో చదివినా అంత బాగా ఎక్కదు.

కొరమేను దగ్గర మరీ జాగ్రత్త కావాలి. నీటిమీద ఎర్రటి చిన్నపిల్లల గుంపు సుడి తిరుగుతున్నట్టు కనిపిస్తే, కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ సమయంలో ఏది పడినా మీదికొస్తాయి. ఆకలికి కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి. అక్కడ గాలం వేస్తే చేప ఖాయం. కానీ కాపలా పోయిన గుంపుని మిగతా చేపలు గంటల్లో ఊడ్చేస్తాయి. ఒక్క చేప కోసం వందల పిల్లల్ని పోగొట్టుకున్నట్టే. తెలిసినవాడు అక్కడ కర్ర దించేస్తాడు. మిగతాచోట్ల కూడా గాలం కొన దగ్గరి ముల్లుని ముందే పట్టకారుతో నొక్కేస్తే, వద్దనుకున్న చేపని గాయం కాకుండా వదిలేయొచ్చు.

ఇంకో రెండు మాటలు. ఊరి చెరువుల్లో చాలావరకు మత్స్యకారుల సంఘాల చేతిలో ఉంటాయి. అడగకుండా గాలం వేస్తే అది వాళ్ల కూటిమీద వేసినట్టు. ఇక మునేరుని ఎండాకాలంలో చూసి నమ్మకూడదు. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ ఐతవరం దగ్గర పొంగి హైదరాబాదు హైవేనే ఆపేసింది. 2022 జనవరిలో ఏటూరు దగ్గర ఈతకు దిగిన అయిదుగురు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. గాలం ఒడ్డునుంచే వేయాలి. పిల్లలైతే పక్కన పెద్దవాళ్లుండాలి. చిక్కుకుపోయిన ఈగ కోసం నీళ్లలోకి దిగొద్దు. పోతే ఇంకోటి కట్టుకోవచ్చు. సొంతంగా కట్టడం వచ్చినందుకు ఆ లాభమైనా ఉండాలి కదా.

మొదటి ఈగ ఎవరికైనా నలిగిన బొద్దింకలాగే ఉంటుంది. అయిదోది కాస్త నయం. పదోదాన్ని చూసి ఇంట్లోవాళ్లు చీపురు ఎత్తితే పాసైనట్టు! ఆ లోపు ఎన్ని ఆదివారాలు గడుస్తాయో చెప్పలేం.

అలాంటి ఓ ఆదివారం కోడికొట్టాయన ఆ కుర్రాణ్ని దూరంనుంచే చూసి కేకేస్తాడు.

"ఏం అబ్బాయ్, ఈగకి చేప పడిందా?"

"ఇంకా లేదు బాబాయ్. ఏట్లో ఏ పురుగులున్నాయో చూస్తున్నా."

కొట్టాయన నవ్వి, గల్లాపెట్టె పక్కనుంచి ఓ కాగితం పొట్లం తీస్తాడు.

"ఇందా. పొద్దున సేతువ వచ్చింది. నీళ్లలో ముంచకముందే తీసి పెట్టా."